ఆర్గానిక్ కూరగాయల బాక్స్: రెండో రోజుకే ఆకుకూరలు కుళ్లిపోతుంటే ఏం చేయాలి?

హైదరాబాద్‌లో మా ఇంటికి ప్రతి శనివారం పొద్దున్నే ఆర్గానిక్ కూరగాయల బాక్స్ వస్తుంది. మొదటి నెలలో అందులో పావు వంతు చెత్తబుట్ట పాలైంది. "ఇంత డబ్బు పోసి పారబోయడమెందుకు, రైతుబజారే నయం కదా" అని మా అత్తయ్య అంటుంటే, నిజమే, ఆపేద్దామనుకున్నాను. ఆపేముందు ఒక్కో సమస్యకీ కారణం వెతికాను. బాక్స్ విప్పిన మొదటి గంటలో మనం చేసే పనితోనే చాలావరకు తేడా వస్తుందని అప్పుడు తెలిసింది.

ఆకుకూరలు జిగటగా, నల్లగా అయిపోతున్నాయి

అందరికీ ముందు ఎదురయ్యేది ఇదే. దీనికి కారణం తడి. కోసిన ఆకు వాడిపోకుండా కట్టల మీద నీళ్లు చల్లి పంపుతారు. కట్టకు రబ్బరు బ్యాండు వేసిన చోట ఒకసారి చూడండి. పైన తోటకూర ఆకులు నవనవలాడుతుంటాయి. బ్యాండు కింద మాత్రం కాడలు నలిగి, నీళ్లు పట్టి, వేలితో నొక్కితే జారిపోతుంటాయి. కుళ్లు మొదలయ్యేది అక్కడే. ఆ కట్టను అలాగే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో తోస్తే సోమవారానికి కట్టంతా పోతుంది.

బాక్స్ రాగానే కట్టలన్నీ విప్పేయండి. వేళ్లు కోసేసి, నలిగిన ఆకులు, పండాకులు ఏరేయండి. మిగిలినవి పాత కాటన్ చీర ముక్క మీద పరిచి, ఫ్యాన్ కింద తడి పోయేదాకా ఆరనివ్వండి. తర్వాత పొడిగుడ్డలో వదులుగా చుట్టి ఫ్రిజ్ కింది ట్రేలో పెట్టండి. ముందే కడగకండి, వండేముందే కడగాలి. కరివేపాకు అయితే రెబ్బల నుంచి దూసి, ఆరబెట్టి, మూత డబ్బాలో వేస్తే వారం దాటినా బాగుంటుంది.

కుళ్లకుండా పసుపుపచ్చగా మారుతుంటే పక్కన ఏముందో చూడండి. పండిన అరటిపండ్లు, మామిడిపండ్లు, టమాటాల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. దానికి ఆకు త్వరగా పండిపోతుంది. అవి వేరే చోట పెట్టండి.

మా ఇంట్లో వంట వరుస కూడా మార్చాం. శనివారం పాలకూర లేదా మెంతికూర, ఆదివారం బెండకాయ, ఆ తర్వాత వంకాయ, బీర. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ వారం చివరికి. గోంగూర ఎక్కువ వస్తే ఆ రోజే పచ్చడి చేసేస్తాం.

వంకాయల మీద గోధుమరంగు గుంటలు పడుతున్నాయి

ఇది చలి దెబ్బ. వంకాయకు, బెండకాయకు, దోసకాయకు 10 డిగ్రీల లోపు చలి ఎక్కువ రోజులు పడదు. ఫ్రిజ్ లోపల అంతకన్నా చల్లగా ఉంటుంది. గుడ్డసంచిలో వేసి వంటింట్లో చల్లగా ఉండే మూల పెట్టి, రెండు రోజుల్లో వండేయండి. టమాటాలు కూడా పండేదాకా బయటే ఉండాలి.

పుచ్చులు వస్తున్నాయి

వంకాయలో కాయతొలుచు పురుగు చిన్న పిల్లగా ఉన్నప్పుడే లోపలికి దూరుతుంది. అది దూరిన రంధ్రం పూడిపోతుంది. మనకు కనిపించే గుండ్రటి రంధ్రం ఎక్కువగా బాగా పెరిగాక బయటికి వచ్చినది. అందుకే పైకి నున్నగా ఉన్న కాయలోనూ పురుగు ఉండొచ్చు. గుత్తివంకాయ చేసేటప్పుడు నాలుగు పక్కలా గాటు పెట్టి, విప్పి చూసి మరీ ఉప్పునీళ్లలో వేయండి. కాలీఫ్లవర్ పువ్వులు విడదీసి, ఉప్పు, పసుపు వేసిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే పురుగులు చాలావరకు బయటపడతాయి.

కిలోలో ఒకటి రెండు పుచ్చులుంటే నేను పట్టించుకోను. మూడో వంతు పోతే మాత్రం అదే రోజు ఫొటో తీసి పంపుతాను. పురుగు ఉంది కాబట్టి మందు కొట్టలేదనుకోవడం కూడా పొరపాటే. మందు కొట్టిన తోటలోనూ ఈ పురుగు ఉంటుంది.

సొరకాయ చేదుగా ఉంది

ఇక్కడ మొహమాటం వద్దు, మొత్తం పారేయండి. సొర, దోస, బీర జాతి కాయల్లో కుకుర్బిటాసిన్ అనే పదార్థం ఎక్కువైతే ఆ చేదు వస్తుంది. ఉడికించినా అది పోదు. వాంతులు, విరేచనాలు, కొందరికి రక్తపు వాంతులు కూడా అవుతాయి. చేదు సొరకాయ రసం తాగి మనుషులు చనిపోయిన ఘటనలూ ఉన్నాయి. ఆర్గానిక్ అయినా ఇందులో మినహాయింపు లేదు. దోసకాయ కోసేటప్పుడు మన అమ్మమ్మలు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసేవాళ్లు కదా, సొరకాయకూ అదే చేయండి. చేదు తగలగానే ఉమ్మేయాలి.

ప్రతి వారం అవే కూరగాయలు

దగ్గరి పొలంలో పండేవే వస్తాయి మరి. చలికాలంలో చిక్కుడు, ముల్లంగి, క్యాబేజీ, ఎండాకాలంలో దొండ, దోస, సొర. మే నెలలో కాలీఫ్లవర్ దండిగా వస్తుంటే అది ఎక్కడ పండిందో అడగాల్సిందే. విసుగొస్తే రెండు వారాలకోసారి తెప్పించుకోండి.

అసలు ఇది ఆర్గానికేనా?

ఆకారం, రంగు, వాసన బట్టి ఎవరూ చెప్పలేరు. ప్యాకెట్ మీద జైవిక్ భారత్ లాంటి ప్రభుత్వ ఆర్గానిక్ గుర్తు ఉందేమో చూడండి. రైతులే బృందంగా ఒకరి పొలం ఒకరు చూసి ఇచ్చుకునే పీజీఎస్ ఇండియా సర్టిఫికెట్ అయితే రెండు రకాలు: పీజీఎస్ గ్రీన్ అంటే పొలం ఇంకా మార్పు దశలో ఉన్నట్టు, పీజీఎస్ ఆర్గానిక్ అంటే పూర్తిగా మారినట్టు. నేరుగా అమ్ముకునే చిన్న రైతుకు సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది కాబట్టి, అది లేనంత మాత్రాన మోసమనుకోకండి. అలాంటప్పుడు పొలం ఏ ఊళ్లో ఉంది, పురుగుకు ఏం వాడుతున్నారు, వచ్చి చూడొచ్చా అని అడగండి. నిజంగా పండించే రైతు వేపనూనె, కషాయాలు, జిగురు అట్టల గురించి ఆపకుండా చెబుతాడు. "అంతా నేచురల్ మేడమ్" అని మాట దాటేస్తే ఇంకొకరిని చూసుకోండి.

సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా, పచ్చిగా తినే కీర, క్యారెట్, కొత్తిమీర ధారగా పారే నీళ్ల కింద బాగా కడగండి. పేడ ఎరువు, పేడ, గోమూత్రంతో చేసే జీవామృతం పడిన మట్టి వాటిని అంటుకుని ఉంటుంది.