పాట రికార్డింగుకూ వీడియో ఎడిటింగుకూ ఒకే ల్యాప్‌టాప్: కొనేముందు ఏం చూడాలి

ఈ రెండు పనులూ ల్యాప్‌టాప్‌ని అడిగేవి వేరు. వీడియో ఎక్స్‌పోర్ట్ పది నిమిషాలు ఆలస్యమైతే టీ తాగి రావచ్చు. రికార్డింగులో ఆ వెసులుబాటు లేదు. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ళ (ధ్వని కొలతల) లెక్కన, బఫర్ (ఒక్కో విడతలో ప్రాసెసర్‌కి అందించే ధ్వని ముక్క) 128 శాంపిళ్ళు పెడితే ఒక్కో విడతకి ప్రాసెసర్‌కి దక్కే గడువు 2.7 మిల్లీసెకన్లే. ఒక్కసారి గడువు దాటినా చెవికి ‘టిక్’మని వినిపిస్తుంది, బాగా కుదిరిన టేకు పోతుంది. గేమింగులో అదరగొట్టే ల్యాప్‌టాప్ నాలుగు ట్రాకుల పాట దగ్గర తడబడేది ఇందుకే. చాలాసార్లు లోపం ప్రాసెసర్ బలంలో ఉండదు. వైఫై, గ్రాఫిక్స్, పవర్ డ్రైవర్లలో ఏదో ఒకటి మధ్యలో దూరి ప్రాసెసర్‌ని కాసేపు వదలదు.

షాపుకి వెళ్ళే ముందు మీ కెమెరా క్లిప్ ఒకటి మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచి చూడండి. అందులో వీడియోని కుదించిన పద్ధతి (హెచ్.264 లాంటిది), రంగుల వివరం ఎంత ఉందో (8-బిట్, 4:2:0 లాంటివి) కనిపిస్తాయి. హెచ్.264, 8-బిట్, 4:2:0 అని ఉంటే గత కొన్నేళ్ళలో వచ్చిన ఏ ల్యాప్‌టాప్ అయినా దాన్ని హార్డ్‌వేర్‌లోనే, అంటే ఆ పనికే ఉన్న సర్క్యూట్‌తో, విప్పుతుంది. సోనీ ఎఫ్ఎక్స్3, ఏ7 ఫోర్ లాంటి కెమెరాల్లో తీసిన హెచ్.265, 10-బిట్, 4:2:2 అయితే ఆగి ఆలోచించాలి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ రకాన్ని హార్డ్‌వేర్‌లో విప్పే సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ (క్విక్ సింక్) ఈ పని చేస్తుంది, యాపిల్ ఎం చిప్‌లు కూడా చేస్తాయి. కాబట్టి ఈ క్లిప్‌లకి ఏఎండీ రైజెన్ ప్రాసెసర్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 కలిసిన ఖరీదైన మెషీన్ కంటే మామూలు ఇంటెల్ ల్యాప్‌టాప్‌లోనే టైమ్‌లైన్ సాఫీగా నడవొచ్చు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ‘ఎన్విడియా మాత్రమే’ అనే మోడ్ పెడితే ఇంటెల్ గ్రాఫిక్స్ ఆగిపోతుంది, దాంతో క్విక్ సింక్ కూడా మాయమవుతుంది. ఎడిటింగ్ చేసేటప్పుడు రెండు గ్రాఫిక్సూ పనిచేసే హైబ్రిడ్ మోడ్‌లోనే ఉంచండి.

విడి గ్రాఫిక్స్ కార్డుతో పాటకి పనేమీ లేదు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాంలో 4కే కలర్ గ్రేడింగ్ (రంగులు సరిదిద్దడం) చేసేవాళ్ళకి మాత్రం 8 జీబీ వీడియో మెమరీ ఉండాలి. 4 జీబీ కార్డుతో నాలుగు ఎఫెక్ట్‌లు వేయగానే మెమరీ నిండిందని ఎర్రర్ రావచ్చు. కార్డు పేరొక్కటే చూసి మోసపోవద్దు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060 అనే పేరుతోనే 35 వాట్ల కార్డూ ఉంది, 115 వాట్ల కార్డూ ఉంది. డబ్బా మీద లేకపోతే కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో ‘టీజీపీ’ (కార్డు వాడుకోగల వాట్లు) ఎంతో వెతకండి.

బడ్జెట్ తెగకపోతే గ్రాఫిక్స్‌లో ఒక మెట్టు దిగండి గాని ర్యామ్‌లో దిగొద్దు. 1080పీ ఎడిటింగుకి, పది పన్నెండు ట్రాకుల పాటకి 16 జీబీ సరిపోతుంది. కాంటాక్ట్ అనే ప్రోగ్రాంలో తీగవాద్యాల లైబ్రరీలు (ముందే రికార్డు చేసిన స్వరాల సెట్లు) లోడ్ చేసేవాళ్ళు, 4కే ఎడిట్ చేసేవాళ్ళు 32 జీబీ తీసుకోవాలి. సన్నటి మోడళ్ళలో చాలావాటికి ర్యామ్ బోర్డు మీదే సోల్డర్ చేసి ఉంటుంది, తర్వాత పెంచలేం. మ్యాక్‌లలో అయితే ఆ దారే లేదు. స్లాట్లు ఉన్న మోడల్‌లో 16 జీబీ ఒకే స్టిక్‌గా ఇస్తే రెండోది కలపండి. ఒక్క స్టిక్‌తో ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వేగం బాగా తగ్గుతుంది.

డిస్కు లెక్క సులువు. 24-బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ గంటకి 520 ఎంబీ లోపే, ఎనిమిది మైకులు పెట్టినా 4 జీబీ దాటేది కొంచెమే. అదే 100 ఎంబీపీఎస్ 4కే వీడియో గంటకి 45 జీబీ, ఎడిటింగ్ కోసం తక్కువగా కుదించే ప్రోరెస్ 422 ఫార్మాట్‌లో 4కే, సెకనుకి 25 ఫ్రేములైతే గంటకి 220 జీబీ దాకా. లోపల 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్ఎస్‌డీ) పెట్టుకుని, పాత ప్రాజెక్టులు బయటి ఎస్ఎస్‌డీకి మార్చండి. డిస్కు నిండుతున్నకొద్దీ రాసే వేగం పడిపోతుంది కాబట్టి ఐదో వంతు ఖాళీగా ఉంచాలి.

ఇక వేడి. మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పాడేటప్పుడు ఫ్యాన్, ఏసీ రెండూ ఆపాలి. మే నెలలో మూసిన గది పావుగంటలో కొలిమి అవుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ ఫ్యాన్ జోరందుకుంటుంది, ఆ హోరు కండెన్సర్ మైక్‌లోకి వచ్చేస్తుంది. ఇంకా వేడెక్కితే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, అక్కడ టిక్కులు మొదలవుతాయి. మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం సిరీస్‌లో ఫ్యానే లేదు, గొంతు రికార్డు చేసేవాళ్ళకి అది వరం. కానీ పొడవాటి 4కే ఎక్స్‌పోర్ట్‌లో వేడికి అదే నెమ్మదిస్తుంది, వీడియోలే ఎక్కువైతే ఫ్యాన్ ఉన్న ప్రో మోడల్ నయం. విండోస్ ల్యాప్‌టాప్ అయితే 5 మీటర్ల లోపు యూఎస్‌బీ కేబుల్‌తో దాన్ని తలుపు అవతల పెట్టొచ్చు. గదిలోనే ఉంచాలంటే కార్డియాయిడ్ (ముందువైపు ధ్వనినే ఎక్కువగా పట్టే) మైక్ వీపు ల్యాప్‌టాప్ వైపు తిప్పండి.

మ్యాకా, విండోసా అన్నది మీరు వాడే ప్రోగ్రాం చెబుతుంది. పాట రికార్డింగ్ ప్రోగ్రాముల్లో లాజిక్ ప్రో మ్యాక్‌లోనే నడుస్తుంది. ఎఫ్ఎల్ స్టూడియో, క్యూబేస్, రీపర్ రెండింటిలోనూ ఉన్నాయి. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లతో జాగ్రత్త. వాటిలో మామూలు ప్రోగ్రాములు అనుకరణ మీద నడుస్తాయి గాని డ్రైవర్లు నడవవు. మీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) కంపెనీ ఆర్మ్ డ్రైవర్, అంటే ఈ స్నాప్‌డ్రాగన్ రకం చిప్‌లకి తగ్గ డ్రైవర్, ఇచ్చిందో లేదో చూడకుండా కొనొద్దు.

ఒక యూఎస్‌బీ పోర్టుని ఆడియో ఇంటర్‌ఫేస్‌కే కేటాయించండి, హబ్ మధ్యలో వద్దు. రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్‌కి థండర్‌బోల్ట్ (ఇంకా వేగమైన పోర్టు) అక్కర్లేదు. తెర 100 శాతం ఎస్ఆర్‌జీబీ (తెరలకి ప్రామాణికమైన రంగుల పరిధి) చూపాలి. స్పెసిఫికేషన్‌లో ‘45% ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే ఆ తెర చూపే రంగులు తక్కువ, దాని మీద సరిచేసిన రంగులు ఫోన్‌లో వేరేగా కనిపిస్తాయి.

కొన్నాక అసలు పరీక్ష ఇంట్లోనే. ఆన్‌లైన్‌లో చాలామంది అమ్మకందారులు డబ్బు వాపసు ఇవ్వరు, మార్చి మాత్రమే ఇస్తారు. ఆ గడువు ఎన్ని రోజులో చూసుకుని, అది దాటకముందే ఇవన్నీ చేయండి.

ముందు బయోస్, డ్రైవర్లు అప్‌డేట్ చేసి, ఛార్జర్ పెట్టి లేటెన్సీమాన్ (ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని ఆపుతోందో చూపే విండోస్ ప్రోగ్రాం) 15 నిమిషాలు నడపండి. బార్లు ఎరుపెక్కితే డ్రైవర్ల జాబితాలో పైనున్న పేరు చూడండి. ఎన్‌డీఐఎస్ (నెట్‌వర్క్ డ్రైవర్) అయితే వైఫై ఆపి మళ్ళీ నడపండి, చాలావరకు అక్కడే తీరుతుంది. ఏసీపీఐ అని వస్తూనే ఉంటే అది పవర్ నిర్వహణ లోపం, మీ చేతిలో ఉన్నది తక్కువ. మార్పు అడగండి.

తర్వాత ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రాం పది నిమిషాలు ఆపకుండా నడిపించి మొదటి నిమిషంలోని క్లాక్ వేగాన్నీ చివరి నిమిషంలోనిదీ పోల్చండి. కొంత తగ్గడం మామూలే, సగానికి పడితే కూలింగ్ చాలడం లేదు.

ఆపై ఇంటర్‌ఫేస్ తగిలించి, పాడే గదిలోనే, ఫ్యాన్ ఆపి, ఖాళీ నిశ్శబ్దాన్ని రెండు నిమిషాలు రికార్డు చేసి వినండి. ‘గుయ్’మని హమ్ ఉంటే ఛార్జర్ పీకి మళ్ళీ చేయండి. పోయిందంటే తప్పు ల్యాప్‌టాప్‌ది కాకపోవచ్చు. ఎర్త్ సరిగాలేని సాకెట్ వల్లో, రెండు పిన్నుల అడాప్టర్ వల్లో అలా వస్తుంది. లోహపు బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమనడం కూడా దాని గుర్తే. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి, అప్పటిదాకా టేకులు బ్యాటరీ మీద తీయండి. మూడో పిన్ను మాత్రం ఎప్పుడూ విరగ్గొట్టొద్దు.