గిటార్ నెక్ చేతికి అంటుకుంటోందా?

ఉక్కపోత రోజుల్లో మెరిసే పాలిష్ ఉన్న గిటార్ నెక్ (తీగలు నొక్కే పొడవాటి భాగం) బొటనవేలిని పట్టేస్తుంది, చెయ్యి పైకీ కిందికీ సాఫీగా జారదు. దీనికోసం షాపుకు వెళ్లక్కర్లేదు. 0000 నంబర్ స్టీల్ ఊల్ (చాలా సన్నని ఉక్కు పీచు) తీసుకుని నెక్ వెనకవైపు పొడవునా, తేలిగ్గా రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు కనిపిస్తాయి. మెరుపు పోయి మసకబారగానే ఆపేయండి. పాలిష్ మొత్తం పోయి చెక్క బయటపడకూడదు. మేపుల్ చెక్కయితే చెమటనీ మురికినీ ఇట్టే పీల్చుకుని నల్లబడుతుంది.

ఎలక్ట్రిక్ గిటారైతే ముందుగా, తీగల కింద ఉండి వాటి కంపనాన్ని పట్టుకునే పికప్‌ల మీద మాస్కింగ్ టేప్ తప్పకుండా వేయండి. వాటిలో ఉండేవి అయస్కాంతాలు, రాలే ఇనుప నూగంతా అక్కడికే చేరుతుంది. మొదటిసారి నేను టేప్ వేయలేదు. ఆ నూగు తీయడానికి, టేపు ముక్కలతో అద్దుకుంటూ, ఒక సాయంత్రం పట్టింది.

ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపుని సరిచేసే లోహపు కడ్డీ) కూడా ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ఒక్కసారికి పావు చుట్టుకి మించి తిప్పకండి, మళ్లీ ట్యూన్ చేసి చూసుకోండి. బిగుసుకుపోయి తిరగకపోతే బలవంతం వద్దు.

నెక్ లావుగా ఉందని చెక్కి సన్నం చేయడం, ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) అరగదీసి సమం చేయించడం మాత్రం గిటార్లు బాగుచేసేవాళ్లకే ఇవ్వండి. లోపల ట్రస్ రాడ్ కోసం తవ్విన గాడి ఉంటుంది, దాని మీద ఎంత చెక్క మిగిలిందో బయటికి తెలియదు. ఇచ్చేటప్పుడు మీ చేతికి హాయిగా అనిపించే ఇంకో గిటార్ దొరికితే వెంట తీసుకెళ్లండి, ఆ మందం కొలిచి చూసుకుంటారు.