చెట్టెక్కి కొమ్మలు కొట్టే పనికి దిగేముందు: రంపం చివర్లో కొనండి

గాలివానల కాలం దగ్గరపడే కొద్దీ చెట్ల పనికి గిరాకీ పెరుగుతుంది. ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మ, ఎండిపోయి నిలబడ్డ మోడు, ఒక పక్కకి ఒరిగిన మాను, ఇవన్నీ జనానికి అప్పుడే గుర్తొస్తాయి. కొత్త కుర్రాళ్లు ఈ పనిలోకి వచ్చేదీ అప్పుడే. వాళ్లలో చాలామంది చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి ముందు చైన్‌సా కొంటారు, తాడు మాత్రం ఎక్కడో దొరికిన పాతది తెచ్చుకుంటారు. నేను మొదలుపెట్టిందీ అలాగే. ఇన్నేళ్లు చెట్ల మీద గడిపాక వాళ్లకి చెప్పేది ఇది: రంపం చివర్లో కొనండి. కొమ్మని కోసే సామాను కంటే ముందు, మిమ్మల్ని క్షేమంగా నేల మీదికి తెచ్చే సామాను సమకూర్చుకోండి.

అంతకన్నా ముందు, ఖర్చు లేని జాగ్రత్త ఒకటుంది. చెట్టు చుట్టూ నిదానంగా ఒకసారి తిరగండి. చెట్టు మొదట్లో, వేళ్ల మీద చెక్కలా గట్టిగా ఉండే పుట్టగొడుగులు కనిపిస్తే లోపల కుళ్లు పట్టిందని అనుమానించాలి, పైన ఆకు ఎంత పచ్చగా ఉన్నా సరే. ఒక పక్క నేల పగిలి పైకి లేచినట్టుంటే వేళ్లు పట్టు వదులుతున్నాయి. కొయ్య సుత్తితో మానుని కొట్టుకుంటూ వెళ్తే డొల్లగా ఉన్న చోట చప్పుడు మారిపోతుంది. రెండు పెద్ద కొమ్మలు ఇరుకుగా చీలిన పంగలో బెరడు లోపలికి మడతపడి ఉంటే ఆ రెండూ సరిగ్గా అతుక్కోలేదని అర్థం. అలాంటి పంగలో తాడు వేయకండి. తేనెపట్టు, కందిరీగల గూడు ఉన్నాయేమో కూడా చూసుకోండి. 40 అడుగుల ఎత్తున తాడుకి కట్టుకుని ఉన్న మనిషి పరిగెత్తలేడు. మొదలు కుళ్లిన చెట్టుని అసలు ఎక్కొద్దు, ఎంత మంచి తాడైనా మనం కట్టేది ఆ చెట్టుకే కదా. బుట్ట ఉన్న లిఫ్టు బండి తెప్పించి పక్క నుంచి కోయాలి. అదీ కుదరకపోతే ఆ పని వదులుకోవాలి.

కరెంటు తీగల విషయంలో నేను ఎవరి మాటా వినను. ఎక్కువ వోల్టేజి తీగకి తగలక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు గాలిలోంచి దూకుతుంది. పచ్చి కొమ్మలో నీరుంటుంది, తడిసిన తాడులోనూ కరెంటు పారుతుంది. తీగ మీద నల్లటి తొడుగు ఉన్నంత మాత్రాన ముట్టుకోవచ్చని కాదు, చాలా తొడుగులు ఎండావానల నుంచి తీగని కాపాడటానికే ఉంటాయి. మీ ఒళ్లు, పనిముట్టు, కోసే కొమ్మ, ఏదీ తీగకి 10 అడుగుల లోపలికి రాకూడదు. పెద్ద లైన్లకైతే ఆ దూరం ఇంకా ఎక్కువ. అంతకన్నా దగ్గర పని అయితే విద్యుత్ సంస్థ వాళ్లు వచ్చి, సరఫరా ఆపామని చెప్పేదాకా చెట్టు ముట్టుకోవద్దు. "ఏం కాదు, పోయినసారి ఇలాగే కొట్టారు" అని ఇంటివాళ్లు అంటారు. ఆ మాట మీద ఎక్కకండి.

ఇక తాడు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సామాన్లు కట్టడానికి వాడే మెరిసే పాలీప్రొపిలీన్ తాడు మనిషి వేలాడటానికి పనికిరాదు. సుమారు 160 డిగ్రీల వేడికే కరుగుతుంది, రాపిడిలో ఆ వేడి పుట్టడం కష్టమేమీ కాదు. ఎండకి పోగులు పెళుసెక్కుతాయి కూడా. చెట్టెక్కే తాడులో లోపల బరువు మోసే పోగులుంటాయి, పైన అల్లిన తొడుగు ఉంటుంది. మందం సాధారణంగా 11 నుంచి 13 మిల్లీమీటర్లు, సాగుడు తక్కువ. కొండలెక్కేవాళ్ల సాగే తాడు దీనికి కుదరదు, దాన్ని పట్టుకుని పైకి పోతుంటే కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. అయితే సాగని తాడుకి ఒక షరతు ఉంది. దాన్ని ఎప్పుడూ వదులు లేకుండా ఉంచాలి. తాడు వేసిన పంగ కంటే పైకి ఎక్కి జారితే ఆ కుదుపంతా నడుముకీ వెన్నుకీ తగులుతుంది.

తాడు మీద మనం జరగడానికి వేసే పట్టు ముడి సంగతి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. ఆస్ట్రియాకి చెందిన కార్ల్ ప్రూసిక్ 1931లో పరిచయం చేసిన ముడి, దాని తరవాత వచ్చిన రకాలు, అన్నీ ఒకేలా పనిచేస్తాయి: బరువు పడితే బిగుస్తాయి, పైనుంచి చేత్తో నొక్కితే జారుతాయి. జారిన మనిషి భయంలో ఎదురుగా ఉన్న ఆ ముడినే పట్టుకుంటాడు. పట్టుకున్నంతసేపూ అది ఆగదు. అందుకే నేలకి రెండడుగుల ఎత్తులో వేలాడుతూ, జారినట్టు అనిపించగానే రెండు చేతులూ వదిలేయడం అలవాటు చేసుకోండి. చేతులకి ఆ అలవాటు పట్టడానికి చాలా రోజులు పడుతుంది.

నా రెండో ఏడు జరిగింది చెబుతాను. ఒక్క తాడు మీదే ఉండి, చేతిరంపంతో పక్క కొమ్మ కోస్తున్నాను. రంపం జారి తాడుకి తగిలింది. గట్టిగా ఒత్తింది కూడా లేదు. బిగిసి ఉన్న తాడు కావడంతో తొడుగు ఒక్కసారిగా విచ్చుకుని లోపలి తెల్ల పోగులు బయటికొచ్చాయి. కింద ఉన్నాయన ఇంకో తాడు పంపేదాకా మానుని కావలించుకుని ఉన్నాను. అప్పటి నుంచి రంపం ఏదైనా సరే, కోసేముందు రెండు చోట్ల కట్టుకుంటాను: ఒకటి పై తాడు, రెండోది మాను చుట్టూ తిప్పిన నడుం తాడు. ఆ రెండోది లోపల ఉక్కు తీగ ఉన్నదైతే మేలు. ఉక్కు చేతిరంపానికి తెగదు. చైన్‌సాకి మాత్రం తెగుతుంది, కాస్త ఆలస్యంగా. ఉక్కులో కరెంటు పారుతుంది కాబట్టి తీగలు ఉన్న చోట దాన్ని బయటికి తీయకండి.

నడుం పట్టీ కొనేటప్పుడు, కట్టడాల దగ్గర పడకుండా వేసుకునే బెల్టు చూపించి ఇదే సరిపోతుందని అంటారు. అది పడ్డాక ఆపేది. మనకి కావలసింది తొడల కింద పట్టీలుండి గంటల తరబడి కూర్చుని పనిచేసుకోగలిగేది. కొనేముందు వేసుకుని పది నిమిషాలు వేలాడి చూడండి, తొడలు తిమ్మిరెక్కితే వేరేది చూడాలి. కొక్కేలు వాటంతటవే లాక్ అయ్యేవి కావాలి, తెరవాలంటే కనీసం రెండు మూడు కదలికలు చేయాల్సినవి. వాటి మీద, ఎంత బలాన్ని తట్టుకుంటాయో చెప్పే అంకెలు కిలోన్యూటన్లలో చెక్కి ఉంటాయి. పొడవు వైపు బరువుకి ఒక అంకె, అడ్డం పడితే ఇంకో అంకె. రెండోది మొదటిదానిలో మూడో వంతు దగ్గర ఉంటుంది, కొక్కెం పక్కకి తిరగకుండా చూసుకోవాల్సింది అందుకే.

హెల్మెట్‌కి గడ్డం కింద పట్టీ తప్పనిసరి. ఫ్యాక్టరీ హెల్మెట్ల పట్టీ గట్టిగా లాగితే ఊడిపోయేలా చేస్తారు, చెట్టు మీద అది ఊడకుండా ఉండాలి. జాలీ ముసుగు, చెవులకి కప్పులు దానికే బిగించినవి దొరుకుతాయి. చైన్‌సా చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది, వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు.

చైన్‌సా ప్యాంటు మామూలు మందపాటి గుడ్డ కాదు. లోపల పొడవాటి పోగుల పొరలుంటాయి. చైను తగలగానే అవి ఊడివచ్చి పళ్ల చక్రానికి చుట్టుకుని మిషన్‌ని ఆపేస్తాయి. ఈ ప్యాంట్లకి రక్షణని బట్టి క్లాసులుంటాయి: క్లాస్ 1 అంటే సెకనుకి 20 మీటర్ల చైను వేగానికి, క్లాస్ 2 అంటే 24 మీటర్లకి పరీక్షించినది. ముందువైపు మాత్రమే రక్షణ ఉన్నవి నేల మీద పనికి సరిపోతాయి. చెట్టు మీద కాళ్లు ఎటు తిరుగుతాయో చెప్పలేం, అందుకని చుట్టూ పొర ఉన్నదే తీసుకోండి. ఒకసారి కోత పడ్డ ప్యాంటుని కుట్టి వాడొద్దు.

ఇప్పుడు రంపం. మొదటి ఏడాది మంచి చేతిరంపం చాలు, వంపు తిరిగి, లాగితే కోసేది. చేతి మందం కొమ్మల దాకా దానితోనే హాయిగా పనవుతుంది. పైన వాడే చిన్న చైన్‌సా, పిడి పైన ఉండేది, శిక్షణ పొందిన ఎక్కేవాళ్ల కోసం చేసింది. తేలిగ్గా ఉందని చాలామంది ఒంటిచేత్తో వాడతారు. దయచేసి ఆ అలవాటు చేసుకోకండి. చైను తిరిగే ఇనుప పట్టా కొన పైభాగం ఏ కొమ్మకైనా తగిలితే రంపం కన్ను మూసి తెరిచేలోగా వెనక్కి, ముఖం మీదికి లేస్తుంది. రెండు చేతులతో, ఎడమ బొటనవేలు పిడి చుట్టూ తిప్పి పట్టుకుంటేనే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. చైన్ బ్రేక్ పనిచేస్తోందో లేదో రోజూ పని మొదలుపెట్టే ముందు చూడాలి. కోత నుంచి పేళ్లు రాకుండా పిండిలాంటి పొడి వస్తుంటే చైను మొద్దుబారింది, ఆకురాయి తీయండి. మొద్దు చైనుని బలంగా ఒత్తుతాం, ఒత్తినప్పుడే చెయ్యి జారుతుంది. నిచ్చెన మీద నిలబడి చైన్‌సా ఎప్పుడూ వాడొద్దు.

బరువైన కొమ్మని ఒకే కోతలో కోస్తే అది తెగకముందే బెరడు చీల్చుకుంటూ మీ వైపే దిగుతుంది. మొదట కింద నుంచి చిన్న గాటు, దానికి కాస్త అవతల పైనుంచి కోత, బరువు పోయాక చివరి కోత. ఆ చివరి కోత, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడని వదిలి, దాని బయట వేయాలి. చెట్టు గాయాన్ని మానుకోదు, చుట్టూ గోడ కట్టి లోపల మూసేస్తుంది. అమెరికన్ శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1970లలో ఈ సంగతి వివరంగా చూపించాడు. ఆ మెడని కోసేస్తే గోడ కట్టే శక్తి తగ్గి కుళ్లు దిగుతుంది, కొన్నేళ్లకి అదే చెట్టు ఇంకొకరు ఎక్కలేనిదవుతుంది. గుచ్చుకునే ఇనుప ముళ్ల బూట్లు కూడా పూర్తిగా కొట్టేసే చెట్టుకే, బతకాల్సిన చెట్టుకి కాదు.

దుంగల్ని తాడుతో దించే పని ఉంటే దానికి వేరే మోకు పెట్టుకోండి, ఎక్కే తాడుని దానికి వాడకండి. 40 సెంటీమీటర్ల అడ్డం, ఒక మీటరు పొడవున్న పచ్చి దుంగ 100 కిలోలు తేలిగ్గా దాటుతుంది. అది రెండు మూడడుగులు పడి ఆగినా తాడు మీద పడేది దాని బరువుకి ఎన్నో రెట్లు. గాలివానకి వంగి ఇరుక్కున్న కొమ్మలు మరీ ప్రమాదం, విల్లులా బిగిసి ఉంటాయి. ఏ వైపు లాగబడి ఉందో, ఏ వైపు నొక్కుకుపోయి ఉందో తేల్చుకోకుండా రంపం పెట్టకండి.

చివరగా, కింద మనిషి. ఒంటరిగా ఎక్కడం ఉండదు. కింద ఉన్న మనిషి ఊరికే కొమ్మలు ఏరేవాడైతే చాలదు, పైకి ఎక్కి మిమ్మల్ని దించగలగాలి. స్పృహ తప్పి పట్టీలో కదలకుండా వేలాడే మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. రెండో ఎక్కే తాడు, రెండో పట్టీ, రక్తం ఆపే కట్టు ఉన్న సంచి చెట్టు మొదట్లో విప్పి పెట్టి ఉంచండి, బండిలో కాదు. సీజన్ మొదలయ్యే ముందు ఒక రోజు పని ఆపి, ఇసుక మూటకి పట్టీ తొడిగి చెట్టు మీద వేలాడదీయండి. కింద మనిషిని ఎక్కించి దించమనండి. మొదటిసారి అరగంట పడితే రెండోసారి, మూడోసారి చేయించండి, 10 నిమిషాల లోపు దింపే దాకా.