బ్యాండు పేరు వదిలెయ్యండి, అట్ట వెనక చిరునామా చూడండి

డ్యూ. రూత్. ఆటమ్. సబ్జెక్ట్. ఇవన్నీ బ్యాండ్ల పేర్లే. వీటిలో ఏ ఒక్కటైనా గూగుల్లో కొట్టి చూడండి. బైబిలు వస్తుంది, ఆకులు రాలే ఫొటోలు వస్తాయి, పాట మాత్రం రాదు. మినిమల్ సింథ్ మీద మోజు పుట్టినవాళ్లు చాలామంది విసుగొచ్చి మానేసేది ఇక్కడే. పేరు పట్టుకుని వెతికితే ఈ సంగీతం దొరకదు. ఊరు, లేబుల్ (రికార్డు వేసిన కంపెనీ) ఇచ్చిన నంబరు, వాయించిన యంత్రం, అట్ట వెనక సన్నక్షరాలు పట్టుకోవాలి.

కొత్తవాళ్ల కోసం మినిమల్ సింథ్ అంటే ఏమిటో చెబుతాను. 1978 నుంచి దాదాపు 1986 దాకా బెల్జియం, ఫ్రాన్స్, హాలండ్, జర్మనీ, ఇంగ్లండ్, అమెరికాల్లో కుర్రకారు ఇంట్లోనే పాటలు చేశారు. అప్పుడప్పుడే చౌకైన సింథసైజరు ఒకటి, డ్రమ్ మెషీను ఒకటి, నాలుగు ట్రాకుల టేప్ రికార్డరు ఒకటి, ఇంతే సరంజామా. పెద్ద కంపెనీ లేదు, ప్రొడ్యూసరు లేడు. కొద్దిపాటి క్యాసెట్లో, కొన్ని వందల రికార్డులో వేసి, పోస్టులో పంచుకుని, తర్వాత ఉద్యోగాల్లో పడిపోయారు. మా బావమరిది హైదరాబాదు నుంచి వీడియో కాల్లో ఒక పాట విని, "బావా, ఇది పాటా, ఫ్యాక్స్ మిషనా?" అన్నాడు. నాకు అందులోనే అందం కనబడుతుంది. నాలుగు శబ్దాలు, మధ్యలో బోలెడంత ఖాళీ, పాడాలా వద్దా అన్నట్టుండే గొంతు.

నాది తెనాలి. ఉండేది ఐండ్‌హోవెన్‌లో, చిప్పులు తయారుచేసే యంత్రాల పని. మా నాన్న తెనాలిలో క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపేవాడు. జనం పాటల చీటీ తెచ్చిస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. 1963లో క్యాసెట్‌ని లోకానికి ఇచ్చిన ఫిలిప్స్ కంపెనీ పుట్టిన ఊళ్లోనే నేను తేలడం కాకతాళీయమే అనుకోండి. కానీ ఆ షాపులో నేర్చుకున్నదంతా ఇక్కడ అక్కరకొచ్చింది.

మొదటి మెట్టు సంకలనాలు. వాటిలో పేరున్నవాళ్లని దాటేసి పక్కవాళ్లని వినండి. 1981లో వచ్చిన సమ్ బిజార్ ఆల్బమ్‌లో పన్నెండు పాటలున్నాయి. డెపెష్ మోడ్, సాఫ్ట్ సెల్, ద ద, బ్లాంమాంజ్ తర్వాత పెద్దవాళ్లయ్యారు. మిగిలినవాళ్లలో నేకెడ్ లంచ్, ఇల్లస్ట్రేషన్, జెల్, ద ఫాస్ట్ సెట్ లాంటివాళ్లున్నారు. ఫాస్ట్ సెట్‌నే తీసుకోండి. వాళ్ల సింగిల్ (చిన్న రికార్డు) 'జంక్షన్ వన్' 1980లో యాక్సిస్ అనే లేబుల్ వేసిన ఒకటో నంబరు రికార్డుగా వచ్చింది. 2 ఏమిటి, 3 ఏమిటి అని చూడండి. 3 బౌహౌస్ వాళ్ల 'డార్క్ ఎంట్రీస్'. కొద్దిరోజులకే ఆ యాక్సిస్ పేరు మార్చుకుని ఫోర్ ఏడీ అయింది. ఒక్క నంబరు పట్టుకుంటే ఒక లేబుల్ పుట్టుక దాకా వెళ్లాం. చిన్న లేబుల్ అయితే ఒకటి నుంచి పది దాకా నంబర్లన్నీ వరసగా వినాలి. పదిలో ఆరు బాగోవు. ఆ ఆరు వినకుండా మిగతా నాలుగు దొరకవు.

ఇంకొన్ని సంకలనాలు: ఫ్రెంచివాళ్ల కోసం బోర్న్ బ్యాడ్ లేబుల్ 2006లో వేసిన 'బిప్', బ్రిటన్ కోసం చెర్రీ రెడ్ 2016లో నాలుగు సీడీల్లో తెచ్చిన 'క్లోజ్ టు ద నాయిజ్ ఫ్లోర్', అన్ని దేశాలూ కలిపి 2010 నాటి 'ద మినిమల్ వేవ్ టేప్స్'. ఈ మూడోది న్యూయార్క్‌లో వెరోనికా వాసిచ్కా నడిపే మినిమల్ వేవ్ లేబుల్ పని. ఆమె 2005లో లేబుల్ పెట్టాకే ఈ సంగీతానికి ఆ పేరు ఇంతగా పాకింది. అందుకే 1982 నాటి పత్రికలో 'మినిమల్ వేవ్' అని వెతికితే సున్నా. ఆ బ్యాండ్లకి తాము మినిమల్ వేవ్ అన్న సంగతే తెలీదు.

ఇక చిరునామా. డేనియల్ మిల్లర్ 'ద నార్మల్' అన్న పేరుతో 1978లో ఒక సింగిల్ వేశాడు, ఇంట్లోనే, కోర్గ్ 700ఎస్ సింథసైజరు మీద. అట్ట మీద మ్యూట్ అనే లేబుల్ పేరూ, ఇంటి చిరునామా వేశాడు. అది చూసి ఇదేదో రికార్డు కంపెనీ అనుకుని జనం తమ టేపులు పంపడం మొదలెట్టారు. మ్యూట్ నిజంగానే రికార్డు కంపెనీ అయిపోయింది. అప్పటి అట్టల మీద ఇలాంటి చిరునామాలు కొల్లలు. రెండు వేర్వేరు బ్యాండ్ల క్యాసెట్ల మీద ఒకే వీధి, ఒకే ఇంటి నంబరు కనబడితే అక్కడ ఆగండి. చాలాసార్లు ఇద్దరూ ఒకరే. బెల్జియంలో ఆలెన్ నెఫ్ నడిపిన ఇన్సేన్ మ్యూజిక్ చూడండి. బెనె గెసెరిట్, హ్యూమన్ ఫ్లెష్, సూడో కోడ్, సబ్జెక్ట్, అన్నిట్లోనూ ఆయన చెయ్యుంది. బెల్జియంలోనే పీటర్ బొన్ సంగతీ అంతే, లీనియర్ మూవ్‌మెంట్ అతనే, ఆటమ్‌లోనూ అతనే. మనిషి దొరికితే ఐదు బ్యాండ్లు దొరికినట్టే.

రికార్డయితే మధ్యలో అతికించిన కాగితం లేబుల్ పక్కన నున్నటి ఖాళీ భాగాన్ని దీపానికి వాలుగా పట్టి చూడండి. గీసిన అక్షరాలుంటాయి. ఎంపీవో అని ఉంటే ఫ్రాన్స్‌లో అచ్చయిందన్నమాట. 'ఎ పోర్కీ ప్రైమ్ కట్' అని కనబడితే ఎగిరి గంతెయ్యకండి. అది జార్జ్ పెకమ్ అనే మాస్టరింగ్ ఇంజినీరు సంతకం, లెక్కలేనన్ని రికార్డుల మీద ఉంటుంది, బ్యాండు గురించి ఏమీ చెప్పదు.

పాట ఏ ఏడాదిదో తెలీకపోతే యంత్రాన్ని అడగాలి. కోర్గ్ ఎంఎస్-20 సింథసైజరు వచ్చింది 1978లో. అగ్గిపెట్టెలో గులకరాళ్లు ఆడించినట్టు టిక్కుటిక్కుమనే బాస్ కంపెనీ డ్రమ్ మెషీను డీఆర్-55 1979. రోలాండ్ టీఆర్-606 డ్రమ్ మెషీను 1981, ఎస్‌హెచ్-101 సింథసైజరు 1982. గాజు గంటల్లాంటి యమహా డీఎక్స్7 సింథసైజరు మోత వినబడిందా, ఆ పాట 1983కి ముందుది కానే కాదు. ఇది ఒకవైపు హద్దే సుమా. పాత డ్రమ్ మెషీను సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుని ఎన్నేళ్ల తర్వాతైనా వాయించొచ్చు, కాబట్టి 'ఇంతకంటే తర్వాతది కాదు' అని యంత్రాన్ని బట్టి ఎప్పుడూ అనకండి. అన్నట్టు, ఆమ్‌స్టర్‌డామ్‌లో మిన్నీ పాప్స్ అనే బ్యాండు ఏకంగా తమ డ్రమ్ మెషీను పేరే పెట్టుకుంది. వాళ్ల పాటగాడు వాలీ వాన్ మిడెన్‌డార్ప్ నడిపిన ప్లూరెక్స్ లేబుల్‌తోనే మొదలెట్టమని హాలండ్ కొచ్చిన ప్రతివాడికీ చెబుతుంటాను.

ఈ యంత్రాల లెక్క ఎంత పనికొస్తుందో ఒక కేసు చూడండి. జర్మనీలో ఎన్‌డీఆర్ రేడియో నుంచి 1984 ప్రాంతంలో ఒక శ్రోత క్యాసెట్‌లోకి ఎక్కించుకున్న పాట ఉంది. ఎవరు పాడారో ఎవరికీ తెలీదు. 2007లో నెట్లో పెట్టారు. 2019 నుంచి వేలమంది వెంటపడ్డారు. అందులో డీఎక్స్7 ఉందనీ, రికార్డు చేసిన టేప్‌డెక్ ఫలానా ఏడాదిదనీ తేల్చి కాలాన్ని ఇరుకు చేసుకుంటూ వచ్చారు. చివరికి 2024 నవంబరులో పాట పేరు 'సబ్‌వేస్ ఆఫ్ యువర్ మైండ్' అనీ, పాడింది కీల్ నగరానికి చెందిన ఫెక్స్ అనే బ్యాండనీ బయటపడింది. పట్టిచ్చింది సాఫ్ట్‌వేర్ కాదు. ఒకాయన ఆనాటి పాత పత్రికలు తిరగేస్తుంటే ఆ బ్యాండు పేరు తగిలింది, వాళ్లకి రాసి అడిగాడు. అంతే.

కాబట్టి పేపర్లు. డచ్చి వాళ్లకి డెల్ఫర్ అని ఉచిత ఆర్కైవు ఉంది, 1995 దాకా దినపత్రికలు అక్షరం అక్షరం వెతకొచ్చు. అందులో బ్యాండు పేరు కొట్టకండి, హాలు పేరు కొట్టండి. నేనైతే మా ఊళ్లోని ఎఫెనార్ అని కొట్టి, 1980 నుంచి 1984 దాకా మాత్రమే పెట్టి, వారాంతం కార్యక్రమాల పట్టికలు చదువుతాను. పెద్ద బ్యాండు పేరు కింద చిన్నక్షరాల్లో ముందు వాయించేవాళ్ల పేరుంటుంది. మీకు కావాల్సింది ఆ చిన్నక్షరాలే. డచ్చి రాకపోయినా పరవాలేదు, తేదీ, ఊరు, పేరు ఏ భాషలోనైనా తెలుస్తాయి. పాట పేరు తెలిసి మనిషి తెలీకపోతే ఫ్రాన్స్‌లో సాసెమ్, జర్మనీలో గేమా అనే కాపీరైటు సంఘాల రిజిస్టర్లు నెట్లోనే ఉన్నాయి. స్టేజీ పేరు వెనక అసలు పేరు చాలాసార్లు అక్కడ తేలుతుంది.

క్యాసెట్ దొరికాక తొందరపడి ప్లే నొక్కకండి. నాన్న షాపులో మొదటి నియమం ఇదే. ముందు టేపు బయటికి కనబడే అంచు దగ్గర ప్రెషర్ ప్యాడ్ చూడాలి, ఆ చిన్న నురుగు ముక్క ఊడిపోయి ఉంటే టేపు హెడ్‌కి ఆనదు, శబ్దం పూడుకుపోతుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి టేపు చుట్టల్ని మంచి షెల్‌లోకి మార్చెయ్యండి. స్క్రూల్లేనిదైతే అతుకు దగ్గర బ్లేడుతో నెమ్మదిగా విడదీయాలి. తర్వాత టేపుని ఒకసారి ఆ చివరికీ ఈ చివరికీ తిప్పండి. హెడ్‌నీ పించ్ రోలర్‌నీ తుడవండి, రబ్బరు రోలర్‌కి స్పిరిట్ ఎక్కువ పట్టించకండి. ఆపైన అజిమత్, అంటే టేపుకి హెడ్ ఎంత నిటారుగా ఉందన్నది. హెడ్ పక్కనున్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ మోనోలో వినాలి, హైహ్యాట్ (డ్రమ్స్‌లో తాళాల జత) ఎక్కడ బాగా పదునుగా వినబడితే అక్కడ ఆపాలి. ఒక్కో క్యాసెట్‌కి ఒక్కోలా ఉంటుంది, ప్రతిసారీ చెయ్యాల్సిందే. టేపు బుస తగ్గించే డాల్బీ సంగతి అట్ట మీద రాసి ఉంటేనే నమ్మండి, లేకపోతే ఆపేసి ఎక్కించుకోండి. ఆ బుస ఉన్నా నష్టం లేదు.

ఒక్కోసారి క్యాసెట్ పెడితే పాట సగం వేగంతో మూలుగుతుంది, రెండోవైపు తిప్పితే అంతా వెనక్కి నడుస్తుంది. పాడైపోయిందని చెత్తబుట్టలో వేస్తారు జనం. అయ్యా, అది బంగారం. 1979లో టాస్కామ్ తెచ్చిన పోర్టాస్టూడియో 144 మామూలు క్యాసెట్‌నే రెట్టింపు వేగంతో తిప్పి, నాలుగు ట్రాకులూ ఒకే దిక్కున ఎక్కించేది. అంటే మీ చేతిలో ఉన్నది ఆ పాట అసలు మాస్టరు కావచ్చు. రెండు వైపులూ కంప్యూటర్లోకి ఎక్కించుకుని, రెండోవైపుని తిరగేసి, రెండిటి వేగం రెట్టింపు చేసి, మొదటి డ్రమ్ దెబ్బ దగ్గర కలపండి. గొంతు విడిగా, బేసు విడిగా వినబడతాయి. ఇంత సుఖం ఇంకెక్కడా లేదు.

ఇండియాలో ఉన్నవాళ్లు 'మాకు అక్కడి సంతలెక్కడివి' అంటారు. నిజమే, మినిమల్ సింథ్ ఇండియాలో పుట్టలేదు. పద్ధతి మాత్రం అక్కడా అంతే. చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ వాళ్ల టీబీ-303, టీఆర్-808 యంత్రాలతో పది రాగాలు వాయించిన రికార్డుని మళ్లీ లోకానికి వినిపించింది ఎడో బౌమన్ అనే డచ్చి సేకర్త. ఆయన ముంబయిలో చరణ్‌జిత్‌ని వెతికి పట్టుకుని 2010లో దాన్ని మళ్లీ వేశాడు. అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) 1969లోనే మూగ్ సింథసైజరు వచ్చింది, అక్కడి టేపులు 2023లో రికార్డుగా వచ్చాయి. మన రికార్డింగ్ షాపుల అటకల మీద ఏముందో ఎవరూ చూడలేదు.

మనిషి దొరికాక ఎలా రాయాలి అన్నది ఇంకో పని. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో మార్టిన్ డ్యూపాంట్ అనే బ్యాండు నడిపిన ఆలెన్ సెగీర్ తర్వాత చెవి, ముక్కు, గొంతు డాక్టరయ్యాడు. ఇలాంటివాళ్లకి నలభై ఏళ్ల కింద చేసిన పాట గురించి ఉన్నట్టుండి ఉత్తరం వస్తే కొందరు పొంగిపోతారు, కొందరికి ఇబ్బంది. ఆఫీసు ఈమెయిల్‌కి ఒక్కసారే రాయండి. పాట ఎక్కడ విన్నారో, అందులో ఏ క్షణం నచ్చిందో రెండు ముక్కలు చాలు. వాయించిన యంత్రం ఏమిటని అడగండి. ఆ ప్రశ్నకి జవాబివ్వనివాణ్ణి నేనింకా చూడలేదు. మాస్టర్ టేపు ఉందా, అమ్ముతారా అని మొదటి ఉత్తరంలో అడిగితే రెండోది రాయాల్సిన పనుండదు. జవాబు రాకపోతే అదే జవాబు.

డబ్బు మాట. అసలు రికార్డుల ధరలకి లొంగకండి. మినిమల్ వేవ్, శాన్‌ఫ్రాన్సిస్కోలో జోష్ చియోన్ 2009లో మొదలెట్టిన డార్క్ ఎంట్రీస్, జర్మనీలో వినైల్ ఆన్ డిమాండ్, ఈ లేబుళ్లు మళ్లీ వేసినవి కొనుక్కోండి. సాలిడ్ స్పేస్ అనే ఇంగ్లిష్ కుర్రాళ్ల 1982 నాటి క్యాసెట్ 'స్పేస్ మ్యూజియం'ని డార్క్ ఎంట్రీస్ 2017లో రికార్డుగా తెచ్చింది. అది వింటే ఒరిజినల్ మీద ఆశ ఎందుకనిపిస్తుంది. ఇక్కడుంటే పెద్ద రికార్డు సంతల కన్నా క్రింగ్‌లోప్ అని పిలిచే పాత సామాన్ల దుకాణాలు మేలు. ఏప్రిల్ 27న రాజుగారి పండగ రోజు వీధుల్లో పిల్లలు అమ్మే అట్టపెట్టెలు ఇంకా మేలు. సంతకి వచ్చేవాళ్లకి ధరలు తెలుసు, పిల్లలకి తెలీవు. వాళ్ల దగ్గర బేరమాడకండి.

ఆఖరి పని, బద్ధకించకూడనిది: దొరికినదాన్ని డిస్కాగ్స్‌లో (నెట్లో అందరూ కలిసి నింపే రికార్డుల జాబితా) నమోదు చెయ్యడం. ముందూ వెనకా అట్ట ఫొటోలు, లేబుల్ ఫొటో, గీసిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు, పేర్ల స్పెల్లింగు తప్పున్నా సరే దిద్దకుండా. చిరునామా అట్ట మీదున్నది ఫొటోలో కనబడితే చాలు, విడిగా టైపు చెయ్యొద్దు, ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లుంటారు. ఏడాది తెలీకపోతే ఖాళీ వదలండి. పాట ఫైలు ఎక్కడా పెట్టకండి. వాయించినవాళ్లు దొరికాక వాళ్లు సరేనంటే, అప్పుడు.