యెరూషలేము క్షేమం కోసం డెల్టా సంఘాలు చేయగలిగిన పని

మన సంఘాల్లో విజ్ఞాపన ప్రార్థన యెరూషలేము క్షేమాన్ని తలచుకోకుండా ముగియడం అరుదు. 2023 అక్టోబరు నుండి ఆ ప్రార్థన మరింత ఆర్తితో సాగుతోంది. అయితే ఆ క్షేమం ఎవరెవరిదని, అది రావడానికి మనం చేయవలసినది ఏమిటని అడిగేవారు తక్కువ. భీమవరం వైపు ఒక పల్లెలోని లూథరన్ సంఘంలో పెద్దగా ఉంటూ, స్త్రీల సమాజంతోనూ యవనస్థులతోనూ కలిసి కొంతకాలంగా ఈ ప్రశ్న వెంట నడుస్తున్నాను. మేము తప్పులు చేసి నేర్చుకున్నది గోదావరికి ఈ గట్టునా ఆ గట్టునా ఉన్న ఇతర సంఘాలకు పనికివస్తుందని రాస్తున్నాను. ఇజ్రాయెలీల క్షేమం, పాలస్తీనీయులకు న్యాయం రెండు వేర్వేరు ప్రార్థనలు కావని, ఒకరికి దక్కనిది రెండోవారి దగ్గరా నిలవదని నా నమ్మకం.

మొదట మాటలను సరిచేసుకోవాలి. తెలుగు బైబిలులో ‘ఇశ్రాయేలు’ అని ఉంటుంది, వార్తాపత్రికలో ‘ఇజ్రాయెల్’ అని ఉంటుంది. ఈ అక్షర భేదం మనకు అనుకోకుండా దొరికిన మేలు. మొదటిది యాకోబుకు, అతని సంతానమైన నిబంధన ప్రజకు పేరు. రెండోది 1948 మే 14న ఏర్పడి, ఎన్నికలు, మంత్రివర్గం, సైన్యం ఉన్న నేటి రాజ్యానికి పేరు. ప్రార్థించేవారు ఏ మాట ఎందుకు వాడుతున్నారో తెలిసి వాడితే సగం గందరగోళం తీరుతుంది. అలాగే ‘పాలస్తీనీయులు’ అనగానే మనవారికి ఫిలిష్తీయులు గుర్తుకు వస్తారు. మా సండే స్కూలులో ఆరో తరగతి పిల్లవాడు గాజా పటం చూసి, “వీళ్లు గొల్యాతు వాళ్లేనా అండీ?” అని అడిగాడు. వాడిని తప్పుపట్టలేదు, అదే ఊహతో ప్రసంగించిన పెద్దలను నేనే విన్నాను. పాలస్తీనా అన్న పేరు ఫిలిష్తియ అన్న పాత పేరు నుండి వచ్చినా, నేటి పాలస్తీనీయులు అరబ్బీ మాట్లాడే ప్రజ. వారిలో ఎక్కువమంది ముస్లింలు. క్రైస్తవులు కొద్దిమందే అయినా, సంఘం పుట్టిన నేల మీద దీపం ఆరిపోకుండా కాపాడుకుంటూ వచ్చినవారు. బేత్లెహేములో మనలాంటి లూథరన్ సంఘమే ఉందని, అక్కడ అరబ్బీలో ఆరాధన జరుగుతుందని చెప్పాక ఆ పిల్లవాడు అడిగిన రెండో ప్రశ్న, వాళ్లకూ సెమీ క్రిస్మస్ ఉంటుందా అన్నది.

తరువాత చరిత్ర చదవాలి. నాలుగు శనివారాలు, ప్రార్థన కూడిక అయ్యాక ఒక్కొక్క గంట పెట్టుకుంటే చాలు. ఏ తేదీనీ ఒకే ఇంటి గుమ్మంలో నుంచి చెప్పకూడదన్న నియమం మాత్రం మొదటి రోజే పెట్టుకోండి. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడడాన్ని సమర్థిస్తూ బ్రిటన్ 1917లో చేసిన బాల్ఫోర్ ప్రకటన యూదులకు ఆశ, అక్కడ అప్పటికే కాపురం ఉన్న అరబ్బులకు భయం. 1948 ఒక ఇంట్లో, యూరప్‌లో 60 లక్షల మంది యూదుల హత్యాకాండ తరువాత దొరికిన గూడు. పక్క ఇంట్లో ‘నక్బా’, అంటే మహా విపత్తు, సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఊళ్లు విడిచిన సంవత్సరం. ఆపైన అరబ్బు దేశాలలోని యూదులు కూడా లక్షల్లో ఇల్లూ వాకిలీ వదులుకున్నారు. 1967 యుద్ధంలో వెస్ట్ బ్యాంక్ (యోర్దాను నదికి పడమటి వైపు ప్రాంతం), తూర్పు యెరూషలేము, గాజా ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వచ్చాయి. 1993లో ఓస్లో ఒప్పందం మీద రెండు పక్షాలూ చేతులు కలిపినా ఆ ఆక్రమణ ముగియలేదు. 2023 అక్టోబరు 7న గాజాను ఏలుతున్న పాలస్తీనీ సాయుధ సంస్థ హమాస్ చేసిన దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, సుమారు 250 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ తరువాతి యుద్ధంలో గాజాలో పదుల వేల మంది చనిపోయారు, వారిలో పసిపిల్లలు వేలల్లో ఉన్నారు. మన దేశం పాత్రను కూడా చెప్పండి. తానే రెండుగా చీలిన 1947లోనే భారతదేశం ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటు వేసింది, 1988లో పాలస్తీనాను రాజ్యంగా గుర్తించింది, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పరచుకుంది.

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. అంత్యదినాల పటాలు గోడకు తగిలించుకుని, యుద్ధవార్త విన్న ప్రతిసారీ ప్రవచనం నెరవేరిందని సంతోషించే బోధ మన డెల్టాలో బలంగా ఉంది. 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ వంటివారు వ్యాప్తిలోకి తెచ్చిన ఆ వ్యాఖ్యానాన్ని ప్రాణప్రదంగా నమ్మే ఆత్మీయులు నాకు ఉన్నారు, వారి భక్తి మీద నాకు గౌరవం ఉంది. వారితో పటాల గురించి వాదానికి దిగకండి. ఆమోసు, మీకా, యెషయా న్యాయం చేయమని గద్దించినది ఇశ్రాయేలునే కదా, ఎన్నుకోబడడం ఆ బాధ్యతను పెంచిందే తప్ప తగ్గించలేదు కదా అని అడిగి, వాక్యం తెరిచి కలిసి చదవండి. నాబోతు ద్రాక్షతోట కథ మన రైతులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ముద్ర వేసిన తాకీదులు, కూడగట్టిన సాక్షులు, పెద్దల సమక్షంలో తీర్పు, అన్నీ కాగితం మీద సక్రమంగానే జరిగి తోట పోయింది. అడంగల్‌లో ఒక పేరు మారితే కుటుంబం ఎలా తల్లడిల్లుతుందో తెలిసినవారికి, వెస్ట్ బ్యాంక్‌లో ఒలీవ తోట ఉన్న కుటుంబం తన పాత కాగితాలతో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ ఎందుకు తిరుగుతుందో వెంటనే అర్థమవుతుంది.

నీటి విషయం ఇంకా దగ్గరది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుండి మన బ్రతుకు కాలువ మీదే నడుస్తోంది. దాళ్వాలో, అంటే రెండో పంటకు, వంతులు పెట్టినప్పుడు ఎగువ వాడికి ముందు తడి, శివారు వాడికి మిగిలినది. వెస్ట్ బ్యాంక్ కొండల కింది భూగర్భ జలం ఇద్దరికీ చెందినదైనా, పాలస్తీనీయులు కొత్త బావి తవ్వాలంటే ఇజ్రాయెల్ సమ్మతి లేనిదే కుదరదు. ఎండాకాలంలో కుళాయి కొన్ని రోజులకు ఒకసారే వస్తుంది కనుక పాలస్తీనీయుల ఇళ్ల కప్పుల మీద నీళ్ల ట్యాంకులు బారులు తీరి ఉంటాయి. స్త్రీల సమాజంలో ఈ ఫోటో చూపించినప్పుడు, ఎకరం శివారు చెక్క కౌలు చేసే ఒక పెద్దావిడ ఫోన్ చేతిలోకి తీసుకుని, ట్యాంకులను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, “అయితే వీళ్లదీ శివారేనన్నమాట” అంది. నేను నెల రోజులుగా తయారుచేసుకున్న పాఠం ఆ ఒక్క మాటలో ఉంది. మీ పాఠాన్ని కూడా పుస్తకం నుండి కాకుండా, మీ ఊరివారి చేతికి తెలిసిన పని నుండి మొదలుపెట్టండి.

ప్రార్థనకు పేర్లు కావాలి. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం సభ్యత్వం ఉన్న లూథరన్ వరల్డ్ ఫెడరేషన్‌లోనే యెరూషలేము, బేత్లెహేము, బేత్‌జాలా, రామల్లా పట్టణాల అరబ్బీ లూథరన్ సంఘమూ ఉంది. ఒలీవల కొండ మీది అగస్టా విక్టోరియా ఆసుపత్రిని ఆ ఫెడరేషనే నడుపుతూ పాలస్తీనా క్యాన్సర్ రోగులకు వైద్యం అందిస్తోంది. ఆంగ్లికన్ మూలాలు కూడా ఉన్న సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంఘస్థులకు గాజాలోని అల్-అహ్లీ ఆసుపత్రి పరాయిది కాదు. దానిని నడిపేది యెరూషలేము ఆంగ్లికన్ డయోసిస్. 2023 క్రిస్మస్‌కు బేత్లెహేము లూథరన్ మందిరంలో పశువుల తొట్టికి బదులు శిథిలాల మధ్య బాలయేసును ఉంచారు. మీ సెమీ క్రిస్మస్‌లో పిల్లలకు ఆ ఫోటో చూపించి, ఎందుకు అలా ఉంచారో చెప్పండి. అదే ప్రార్థనలో సైరన్ మోగగానే బంకరులోకి పరుగెత్తే ఇజ్రాయెలీ తల్లులను, వృద్ధుల సంరక్షణ పనికి అక్కడికి వెళ్లిన మన తెలుగు బిడ్డలను, బందీలుగా పోయిన వారి కుటుంబాలను కూడా పేరు పెట్టి తలచుకోండి.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. పాలస్తీనీయులకు న్యాయం అడిగే నోట యూద ద్వేషం రాకూడదు. మార్టిన్ లూథర్ 1543లో యూదుల మీద రాసిన ఘోరమైన రాతలను నాజీలు వాడుకున్నారు. లూథరన్ సంఘాలు ఆ రాతలను తరువాతి కాలంలో బహిరంగంగా తిరస్కరించాయి. మంచి శుక్రవారం ప్రసంగంలో ‘యూదులు యేసును చంపారు’ అన్న మాట ఇంకా వినిపిస్తే, ఆరాధన అయ్యాక పాస్టరు గారిని ఒంటరిగా కలిసి వినయంగా చెప్పండి. అలాగే గాజా పేరుతో మన వీధిలోని ముస్లిం కుటుంబాన్ని అనుమానంగా చూసే మాటను మొదటిసారి విన్నప్పుడే ఆపండి.

రెండు పక్షాలవారూ కలిసి పనిచేస్తున్న చోట్ల గురించి ఎక్కువ సమయం వెచ్చించండి, ఎందుకంటే మనవారికి తెలియనిది అదే. 1995లో మొదలైన పేరెంట్స్ సర్కిల్ అనే సంస్థలో ఈ సంఘర్షణలో ఆప్తులను పోగొట్టుకున్న ఇజ్రాయెలీ, పాలస్తీనీ కుటుంబాలు కలుస్తున్నాయి. రామీ ఎల్హానన్ కూతురు స్మదర్ 1997లో యెరూషలేములో ఆత్మాహుతి దాడిలో చనిపోయింది. బస్సాం అరామిన్ పదేళ్ల కూతురు అబీర్ 2007లో బడి దగ్గర ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసుల రబ్బరు తూటాకు బలైంది. ఆ ఇద్దరు తండ్రులూ ఒకరినొకరు సోదరులని పిలుచుకుంటూ పక్కపక్కన నిలబడి మాట్లాడతారు. రబ్బైస్ ఫర్ హ్యూమన్ రైట్స్‌కు చెందిన యూదు రబ్బీలు శరత్కాలంలో పాలస్తీనా రైతుల ఒలీవ కోతకు తోడుగా వెళ్తారు. కోతకు మనిషి సాయం అంటే ఏమిటో మనకు తెలుసు కనుక, ఈ సంగతి చెప్పేటప్పుడు తొందరపడకండి.

వాట్సాప్ విషయంలో నా తప్పు చెప్పుకుంటాను. శిథిలాల్లో ఏడుస్తున్న ఒక పసిబిడ్డ వీడియోను గాజాదని నమ్మి సంఘం గ్రూపులో పెట్టాను; అది ఏళ్ల కిందటి సిరియా వీడియో అని మరునాడు ఒక యవనస్థుడు చూపించాడు. ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. అప్పటి నుండి మా గ్రూపులో ఒక కట్టుబాటు ఉంది: ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు తీశారు అన్న మూడింటికి జవాబు దొరకనిది ఎవరూ పంపరు.

ఇప్పుడు బహిరంగంగా చేసే పని. మీ పార్లమెంటు సభ్యునికి ఒక్క పేజీ ఉత్తరం రాయండి. అమలాపురం, రాజమండ్రి, నరసాపురం, కాకినాడ, ఏలూరు, మీది ఏ నియోజకవర్గమైతే అక్కడి సభ్యునికి. ఉత్తరంలో ఒకే ఒక విన్నపం ఉండాలి. పది కోరితే ఏదీ నిలవదు. “చర్చల ద్వారా రెండు రాజ్యాల పరిష్కారం అన్నది మన ప్రభుత్వం ప్రకటించిన విధానమే కనుక, దాని కోసం ప్రభుత్వం ఈ సంవత్సరం తీసుకున్న చర్యలేమిటో సభలో అడగవలసిందిగా కోరుతున్నాము” అన్న వాక్యం చాలు. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, లేనిదానికి లిఖితపూర్వకంగా ఇస్తారు. ప్రశ్న కోసం సభ్యుడు ఇచ్చే నోటీసుకు కనీసం 15 రోజుల వ్యవధి కావాలి కనుక సమావేశాలు మొదలయ్యేలోగానే ఉత్తరం అందాలి. ఐక్యరాజ్యసమితి వారి పాలస్తీనా శరణార్థుల సహాయ సంస్థకు భారతదేశం ఏటా 50 లక్షల డాలర్లు ఇస్తూ వచ్చింది. అది కొనసాగాలని కోరడం మరో మంచి విన్నపం, దానికి వేరే ఉత్తరం రాయండి. సంఘ పెద్దల సంతకాలతో పాటు స్త్రీల సమాజం సంతకాలు కూడా ఉండాలి. తపాలాలో పంపడం కంటే ఐదుగురు వెళ్లి చేతికిచ్చి, రసీదు తెచ్చుకోవడం మేలు.

కొవ్వొత్తుల ప్రదర్శన తలపెడితే మార్గం, సమయం, జనసంఖ్య రాసి పోలీసు స్టేషనులో ముందుగా అనుమతి తీసుకోండి. మన జిల్లాల్లో అనుమతి లేని సభలను, ఊరేగింపులను అడ్డుకునే పోలీసు చట్టం సెక్షన్ 30 అమలులో ఉండే రోజులు ఎక్కువ. ఏ దేశం జెండా పట్టుకోవద్దు, ఏ పార్టీ నాయకుని వేదిక ఎక్కించవద్దు. మసీదు పెద్దలను, ఊరి ఇతర పెద్దలను ఇంటికి వెళ్లి స్వయంగా పిలవండి. సెప్టెంబరు 21 అంతర్జాతీయ శాంతి దినం. వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ కూడా పాలస్తీనా, ఇజ్రాయెల్ శాంతి కోసం ఆ రోజుల్లోనే ప్రార్థన వారం పాటిస్తుంది కనుక మీ కూడిక అప్పుడు పెట్టుకోవచ్చు. కానుక పట్టే ముందు మాత్రం ఆడిటరును అడగండి, ట్రస్టు సొమ్మును విదేశానికి పంపడానికి చట్టంలో ఆంక్షలు ఉన్నాయి.

మన డెల్టా నుండి ఏటా పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్లేవారు ఉన్నారు. ప్రభుత్వ సాయం అందుకున్నవారు కూడా వారిలో ఉన్నారు. వారు వెళ్లే ముందే కలవండి. సాధారణ యాత్రలో బస్సు ఎత్తైన కాంక్రీటు గోడ దాటి బేత్లెహేములోకి వెళ్తుంది, పుట్టిన స్థలం చూపించి రెండు గంటల్లో తిరిగి వస్తుంది. ఆత్మాహుతి దాడులను ఆపడానికని ఇజ్రాయెల్ ఆ గోడను 2002లో మొదలుపెట్టిందని, పాలస్తీనా భూమిలో దానిని కట్టడం చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో అభిప్రాయం చెప్పిందని, ఆ రెండు సంగతులూ వారికి చెప్పి పంపండి. ఒక రాత్రి బేత్లెహేములోనే బస చేయించమని, వీలైతే ఆదివారం అక్కడి సంఘంతో కలిసి ఆరాధించే అవకాశం ఇవ్వమని ట్రావెల్స్ వారిని ముందే అడగాలి. ఒలీవ కర్ర బొమ్మలు కొనాలనుకుంటే చెక్కేవారి దుకాణానికే వెళ్లి కొనాలి. యెరూషలేములో యూదులు పడమటి గోడ దగ్గర చేసే ప్రార్థనను ఫోన్లు జేబులో పెట్టుకుని మౌనంగా చూడాలి. తిరిగి వచ్చిన ఆదివారం సాక్ష్యం చెప్పేటప్పుడు, చూసిన స్థలాల కంటే ముందు కలిసిన మనుషుల గురించి చెప్పమనండి, బస్సు నడిపినవారు, భోజనం పెట్టినవారు, చెక్‌పోస్టులో పాసుపోర్టు చూసిన యువ సైనికురాలు. ఆ పేర్లను విజ్ఞాపన పుస్తకంలో రాసుకుని, మరుసటి వారం నుండి పేరుపేరునా ప్రార్థించండి.