పిల్లి తోలు వదులైందా? ముందు ఎక్కడో చూడండి

“మా పిల్లికి పొట్ట జారింది, కడుపుతో ఉందేమో చూస్తావా?” అని అనంతపురంలో మా వీధివాళ్లు తరచూ అడుగుతుంటారు. వెళ్లి చూస్తే సగం మగపిల్లులే! తోలు పొట్ట కింద వదులైందా, మెడ మీదా, ఒళ్లంతానా అన్నది ముందు తేల్చుకుంటే సగం పని అయినట్టే.

నడుస్తుంటే పొట్ట కింద సంచిలా ఊగుతోంది

ఇది జబ్బు కాదు. దీన్ని ప్రైమోర్డియల్ పౌచ్ అంటారు. ఆడ, మగ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవి, కానివి, దేనికైనా ఉండొచ్చు. కొట్లాటలో ఎదుటి పిల్లి వెనక కాళ్లతో పొట్టను చీరబోతే ఈ తోలు అడ్డుపడుతుందనీ, దూకేటప్పుడు ఒళ్లు సాగడానికి పనికొస్తుందనీ చెబుతారు. నల్లమల పులికీ ఇలాగే వేలాడుతుంది, దాన్నెవరూ ఏమీ అనరు.

చేత్తో తడిమితే ఖాళీ గుడ్డసంచిలా మెత్తగా ఉంటే వదిలేయండి. గడ్డ తగిలినా, ముట్టుకుంటే అరిచినా, పొట్ట బిగుసుకుని ఉబ్బినా డాక్టరుకు చూపించాలి. పక్కటెముకలే చేతికి దొరకకపోతే అది కొవ్వు. తిండి కొద్దికొద్దిగా తగ్గించండి, పస్తు మాత్రం పెట్టొద్దు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది.

భుజాల మధ్య తోలు పట్టి వదిలితే అట్లే నిలబడుతోంది

మన ఎండలకు అసలు భయపడాల్సింది దీనికే. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి తోలు వదలగానే సర్దుకుంటుంది. మెల్లగా దిగుతుంటే ఒంట్లో నీళ్లు తగ్గినట్టు. ఒంటి బరువులో దాదాపు 5 శాతం నీళ్లు పోయాకే ఇది బయటికి కనిపిస్తుంది. నాలుగు కిలోల పిల్లికి అంటే 200 మిల్లీలీటర్లు! ముసలి పిల్లికి తోలు ఎలాగూ సాగి ఉంటుంది, లావు పిల్లికి నీళ్లు తగ్గినా తోలు నిలబడదు. అందుకే చిగుళ్లు కూడా ముట్టి చూడండి. తడిగా జారాల్సినవి జిగటగా వేలికి అంటుకుంటే ఒంట్లో నీళ్లు తగ్గాయనడంలో అనుమానం లేదు.

కారణం వాంతులో, విరేచనాలో, మూత్రపిండాల జబ్బో కావచ్చు. ఒక్కోసారి గిన్నెదే తప్పు. ఓ ఏడాది ఏప్రిల్‌లో మా బూడిద పిల్లి నీళ్లు ముట్టడం మానేసింది. మిద్దె మీద ప్లాస్టిక్ గిన్నెలో వేలు పెడితే చురుక్కుమంది! మట్టి మూకుడు తెచ్చి, నీడలో, తిండికి దూరంగా పెట్టాక తాగింది. పిల్లుల పూర్వీకులు ఎడారి జీవులు, దాహం తక్కువ. పిల్లుల కోసం అమ్మే ఎండు తిండి గుళికల్లో (డ్రై ఫుడ్) నీళ్లు పదోవంతే ఉంటాయి, వాటిమీదే పెంచితే చాలదు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ నీళ్లతో కలిపి పెట్టండి. పాలు పోయకండి, పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి విరేచనాలవుతాయి.

నోరు తెరిచి ఎగపోస్తున్నా, లేవలేకపోతున్నా ఇంటి వైద్యం వద్దు. సిరంజితో నీళ్లు బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, సెలైన్ పెడతారు. జ్వరమేమోనని పారాసిటమాల్ వేయకండి, అది పిల్లులకు విషం.

ఒళ్లంతా వదులు, వెన్నెముక చేతికి తగులుతోంది

బాగా తిని కూడా చిక్కిపోతుంటే, అందులోనూ పదేళ్లు దాటి ఉంటే, థైరాయిడో షుగరో అనుమానించాలి. నీళ్లు ఎక్కువ తాగి మూత్రం ఎక్కువ పోస్తుంటే షుగరు కావచ్చు, మూత్రపిండాలూ కావచ్చు. రక్తపరీక్ష చేయించక తప్పదు. బరువు తెలియాలంటే పిల్లిని ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేయండి. నెలనెలా రాసుకుంటే డాక్టరుకూ పని తేలిక. లావు పిల్లి మీరు తిండి తగ్గించడం వల్లే నిదానంగా సన్నబడి ఉంటే మాత్రం భయం లేదు, అది సాగి మిగిలిన తోలే.

ముట్టుకుంటేనే తోలు చిరుగుతోంది

చాలా అరుదు. పుట్టుకతోనే వచ్చేది ఉంటుంది, ముసలితనంలో హార్మోన్ల జబ్బుతో వచ్చేదీ ఉంటుంది. మెడ పట్టి ఎత్తకండి. మెత్తని టవల్‌లో చుట్టి తీసుకెళ్లి, పరీక్ష మొదలుపెట్టకముందే ఈ సంగతి డాక్టరుకు చెప్పండి.