గాలికి సైడింగ్ పలక ఊడిందా?

అమెరికాలో వినైల్ సైడింగ్ (బయటి గోడలకి తగిలించే ప్లాస్టిక్ పలకలు) ఇళ్లున్నవాళ్లకి ఒక మాట. పెద్ద గాలి తర్వాత ఒకటి రెండు పలకలు వేలాడుతుంటే టెన్షన్ వద్దు. చేతికి అందే ఎత్తులో అయితే మనమే సరిచేసుకోవచ్చు. ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి, ఇన్సూరెన్స్‌కి పనికొస్తాయి.

హార్డ్‌వేర్ షాపులో జిప్ టూల్ అని చిన్న కొక్కెం దొరుకుతుంది. పై పలక కింది అంచులో దాన్ని దూర్చి, కిందికి లాగుతూ పక్కకు జరిపితే లాక్ విడిపోతుంది. లోపల హౌస్‌వ్రాప్ (పలకల వెనక గోడకి చుట్టిన పల్చటి షీటు) చిరిగితే ముందు దానికి టేప్ వేయండి. గోడలోకి తడి దిగకుండా కాపాడేది అదే. తర్వాత పలక కింది అంచుని కింది వరుసకి తగిలించి మేకులు కొట్టండి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మేకు పలక పై అంచులోని పొడవాటి రంధ్రం మధ్యలో పడాలి, పూర్తిగా బిగించకూడదు. మేకు తల కింద డైమ్ (పది సెంట్ల) నాణెం మందం సందు వదలండి. వినైల్ ఎండకు సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. 12 అడుగుల పలక అర అంగుళం దాకా మారుతుంది. బిగించేస్తే వేసవిలో ఉబ్బి వంకర్లు పోతుంది. చేత్తో అటూ ఇటూ జరిపితే పలక కదలాలి. గడ్డకట్టే చలిలో మాత్రం ఈ పని పెట్టుకోకండి, వినైల్ పెళుసుగా మారి పగులుతుంది.

పాత పలక పగిలి కొత్తది వేయాల్సి వచ్చి, దాని రంగు కలవకపోతే, ఇంటి వెనక వైపు పాతదొకటి తీసి ముందు వైపు పెట్టండి, కొత్తది వెనక వేసేయండి.